కత్తెర పురుగు మందు: వాడుకలో జాగ్రత్తలు

చొప్పదండి పరిసరములలో మొక్కజొన్న వేయు రైతు సోదరులు మొదట కనిపెట్టవలసినది కత్తెర పురుగును. 2018లో మన దేశమున తొలిసారి కనిపించిన ఈ పురుగు ఆకుసుడిలో దాగి మొవ్వును తినివేయును. దీని నివారణకు ఇమామెక్టిన్ బెంజోయేట్ 5 శాతము గుళికల మందును లీటరు నీటికి 0.4 గ్రాముల చొప్పున కలిపి, సాయంకాలమున సుడిలో పడునట్లు చల్లవలెను.

ఆకుతోపాటు కడుపులో చేరిన ఈ మందు పురుగు నరములను స్తంభింపజేయును. పురుగు కొద్ది గంటలలోనే మేత మానును గాని, చచ్చుటకు రెండు మూడు దినములు పట్టును. మరునాడు అది ఇంకను కదలుచున్నదని తిరిగి చల్లుట, మోతాదు పెంచుట వృథా వ్యయమే గాక ప్రమాదకరము.

మందు కలుపునపుడు చేతి తొడుగులు ధరించి, ముక్కు, నోరు కప్పుకొనవలెను. గాలికి ఎదురుగా గాని, తేనెటీగలు తిరుగు వేళ గాని చల్లరాదు. పని ముగియగనే సబ్బుతో స్నానము చేయవలెను. ఖాళీ డబ్బాలను ఇంట వాడరాదు. మందును పిల్లలకు అందకుండ తాళము వేసి యుంచవలెను. పొరపాటున ఎవరైన మింగినచో, మందు డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.