ట్రెయిలరు బ్రేకు పట్టకపోవుటకు కారణము



బరువుబండి దిగుడున పడినపుడు ఎద్దులను ముందుకు త్రోయుట మీ రెఱుగనిది కాదు. మోటారు వెనుక ట్రెయిలరు కట్టినచో ఆ త్రోపు మఱింత బలముగా నుండును. అందుచేతనే అమెరికాలో పికప్పు బండ్లకు కట్టు పెద్ద ట్రెయిలర్లకు వేఱుగా కరెంటు బ్రేకు లుండును. చోదకుడు తన బ్రేకు త్రొక్కగానే, అతని మోకాలి చెంత నమర్చిన కంట్రోలరను చిన్న పెట్టె ట్రెయిలరు చక్రములలోని అయస్కాంతములకు కరెంటు పంపును. అవి డ్రమ్మునకు అంటుకొని, షూలను బిగియజేయును.

2023వ సంవత్సరమున మేము టెక్సాసు రాష్ట్రములోని మా మేనల్లుని యింట కొన్నాళ్లుంటిమి. అతడు దూడలను పెంచుచున్నాడు. క్రొత్త కంట్రోలరును తానే బిగించుకొనెను. పెట్టెమీది దీపము సరిగానే వెలిగెను. కాని ఎండుగడ్డి నింపుకొని వచ్చుచు కూడలియొద్ద ఆపబోగా, ట్రెయిలరు త్రోపునకు బండి నడిరోడ్డు వఱకు పోయి నిలిచెను. అడ్డముగా నే బండియు రాకుండుట మా యదృష్టము. మఱునాడు దూడలను సంతకు గొనిపోవలసియుండెను.

“మామయ్యా, పెట్టె చెడినది, తిరిగి పంపివేయుదును” అనెను. తొందరపడవలదంటిమి. నిజమునకు ఆ పెట్టెను మేమును మొదటిసారి చూచుటయే.

దానికి నాలుగు తీగలు. సాధారణముగా నలుపు బ్యాటరీనుండి శక్తి తెచ్చును, తెలుపు ఎర్తు, ఎఱుపు బ్రేకు త్రొక్కిన సంగతి తెలుపును, నీలము ట్రెయిలరు బ్రేకులకు కరెంటు గొనిపోవును. ట్రెయిలరు ప్లగ్గు ఊడదీసి, పికప్పు వెనుక సాకెట్టులో నీలితీగ కొనకును ఎర్తునకును మధ్య పరీక్షదీపము పట్టి, పెట్టెమీది చేతిమీటను నొక్కించితిమి. దీపము వెలిగెను. కనుక పెట్టెయందు దోషము లేదు. మరల ప్లగ్గు పెట్టి, నీలితీగ నడుమ ఆంపియరు మీటరు కట్టితిమి. ఆ ట్రెయిలరునకు రెండిరుసులు, నాలుగు అయస్కాంతములు. ఒక్కొక్కటి 12 వోల్టులయొద్ద సుమారు 3 ఆంపియర్లు తీసికొనును. 12కు దగ్గఱగా రావలసినచోట మీటరు 2 ఆంపియర్లైనను చూపలేదు.

అప్పుడొకటి జ్ఞప్తికి వచ్చెను. దారిలో మలుపు తిరిగినపుడెల్ల ట్రెయిలరు వెనుక దీపములు మినుకుమినుకుమనుచుండెను. పోయిన కరెంటు తిరిగి రావలెను గదా! తెల్లతీగ సరిగా తగులనిచో, అది కొక్కెపు గుండు మీదుగా దారి వెదకుకొనును, బండి కదలినపుడు ఆ దారియు తెగుచుండును. వంగి చూడగా, ట్రెయిలరు మూతియొద్ద తెల్లతీగ రంగు పూసిన యినుముపై మరతో బిగింపబడి, అడుగున తుప్పు పట్టియుండెను. ఇనుము మెఱయువఱకు గీకి, పండ్ల వాషరు వేసి, క్రొత్త బోల్టు బిగించి, పైన గ్రీసు పూసితిమి. మీటరు ఇంచుమించు 12 చూపెను. చక్రములలో సన్నని రొద వినబడెను. ఖర్చు ఒక్క బోల్టు. పెట్టెను మార్చియుండినచో క్రొత్తదియు నట్లే యుండెడిది.

పిమ్మట చదునైన ఖాళీ రోడ్డుపై గంటకు సుమారు 40 కిలోమీటర్ల వేగమున చేతిమీట నొక్కుచు, ట్రెయిలరు చక్రములు ఈడ్చుకొనిపోవునంతవఱకు బలము పెంచి, అచ్చటనుండి కొంచెము తగ్గించితిమి. ట్రెయిలరు ఊడిపోయినచో దానంతట అది నిలుచుటకు ప్రత్యేకముగా ఒక చిన్న బ్యాటరీయు, లాగుడు పిన్నును ఉండును. దానిని పరీక్షించునపుడు ముందుగా ప్లగ్గు ఊడదీయవలెను, లేనిచో కరెంటు వెనుకకు మరలి పెట్టెను చెఱుపవచ్చును. మఱునాడు దూడలు సంతకు క్షేమముగా చేరినవి.

మన ట్రాక్టరు ట్రెయిలర్లకు ఈ కరెంటు బ్రేకు సాధారణముగా లేదు. కావున రోడ్డెక్కునపుడు ఎడమ కుడి బ్రేకు పెడళ్లను జోడించు కొక్కెము వేయక కదలరాదు. వెనుక దీపములు మాత్రము ఇట్టి ఎర్తు మీదనే వెలుగును. రాత్రులు చెఱకు తోలు దినములలో దీపము మినుకుమన్నచో, బల్బు మార్చుటకు మునుపు ఎర్తుతీగ మొదలు గీకి చూడుడు.