చార్మినార్‌కు గానుగ సున్నం

హైదరాబాదులోని చార్మినార్‌ను 1591లో కట్టారు. చార్ అంటే నాలుగు. నాలుగు మినార్లు ఉన్నాయి కాబట్టి ఆ పేరు. రాయి, సున్నంతో కట్టారు. ఆనాడు సిమెంటు లేదు.

నాలుగు వందల ఏళ్లు దాటింది. ఎన్ని ఎండలు, ఎన్ని వానలు! 2019 మే నెలలో ఒక రాత్రి, మినారు మీది గచ్చు పెచ్చు ఊడి కింద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అదే పగలైతే? గాజులు కొనడానికి వచ్చే ఆడవాళ్లు, పిల్లలు అక్కడ కిటకిటలాడుతుంటారు.

ఇంత సిమెంటు పూస్తే సరిపోదా? సరిపోదు. సున్నపు గోడ చెమ్మను పీల్చుకుంటుంది, మళ్లీ బయటకు వదులుతుంది. పైన సిమెంటు పూస్తే ఆ చెమ్మ లోపలే ఉండిపోతుంది. కొన్నాళ్లకు సిమెంటు ఊడుతుంది. పాత సున్నాన్ని కూడా పెరుక్కొని ఊడుతుంది.

అందుకే ఇలాంటి కట్టడాలకు గానుగ సున్నమే వాడతారు. కాల్చిన సున్నపురాయి మీద నీళ్లు పోస్తే కుతకుత ఉడుకుతుంది. అప్పుడు దగ్గర ఉండకూడదు. కంట్లో పడితే చూపు పోవచ్చు. ఆ సున్నాన్ని రోజుల తరబడి నానబెడతారు. ఇసుక కలిపి గానుగలో ఆడిస్తారు. బెల్లం నీళ్లు, కరక్కాయ నానిన నీళ్లు పోస్తారు. గోడకు బెల్లమా అని నవ్వొస్తుంది గానీ, పట్టు దానివల్లే.

గోడను ముందు తట్టి చూస్తారు. డొల్ల చప్పుడు వచ్చిన చోట గచ్చు వదులైనట్టే. అంతవరకే చెక్కి, కొత్త సున్నం పూస్తారు. తడి గోనెపట్టాలు కప్పి మెల్లగా ఆరనిస్తారు.

మన ఊళ్లో పాత బడి, చావడి కూడా సున్నంతో కట్టినవే కావచ్చు. సిమెంటు బస్తాలు దించకముందే మేస్త్రీని అడగాలి.