ముందేది? వెనుకేది?

కోరుకొండ తీర్థంలో రథానికి మోకు కట్టి లాగే వైపు ముందు. గోదావరి పడవకు చుక్కాని ఉన్న వైపు వెనుక. మరి నాలుగు చక్రాల పలక, స్కేట్‌బోర్డుకో? దాని రెండు కొసలూ పైకి వంగే ఉంటాయి. రెండు ఇరుసులనూ ఎదురెదురుగా బిగిస్తారు. కనుక ఎటు పోయినా ఒకేలా మలుపు తిరుగుతుంది.

తేడా కొసల్లోనే ఉంది. స్కేలు తీసుకుని, చివరి బోల్టు నుండి అంచు దాకా రెండు వైపులా కొలవండి. సాధారణంగా కాస్త పొడవైనది 'ముక్కు', అంటే ముందు. పొట్టిది 'తోక'. తోకను కాలితో తొక్కితే, వెనుక చక్రాలు ఆధారంగా, ఏతంలాగా ముక్కు పైకి లేస్తుంది. కొస పొడవైతే తక్కువ బలం చాలు. పొట్టిదైతే ఎక్కువ కావాలి. ఏ కొసో తెలియక తొక్కితే పడతాం! అందుకే కొందరు ఆటగాళ్లు ముక్కు వైపు ఒక్క బోల్టును వేరే రంగుది బిగిస్తారు.

రెండు కొసలూ సమానమైతే? మీరు పోయే వైపే ముందు!