అంకె ఒకటే.. తూటా వేరు!

పోలీసు ఠాణా గుమ్మంలో సెంట్రీ భుజాన వేలాడిన పొడవాటి తుపాకీని ఎరుగనివారు మన పల్లెల్లో అరుదు. జనం నోట ‘త్రీనాట్‌త్రీ’గా స్థిరపడిన ఆ పేరు నిజానికి తూటాకు సంబంధించినది. బ్యారెల్ లోపలి వ్యాసం 0.303 అంగుళం, అంటే సుమారు 7.7 మిల్లీమీటర్లు కావడమే ఆ పేరుకు మూలం. అయితే ఈ అంకెను చూసి ఏ తూటా ఏ తుపాకీకి సరిపోతుందో నిర్ణయించబూనడం ప్రమాదకరం.

నల్లమందుతో ఆరంభం

బ్రిటిష్ సైన్యం 1888లో లీ-మెట్‌ఫర్డ్ తుపాకీతో పాటు ఈ తూటాను స్వీకరించింది. తొలుత ఇందులో నల్లమందు వాడేవారు. 1890లలో పొగ తక్కువగా వచ్చే కార్డైట్ దాని స్థానాన్ని ఆక్రమించింది. ఆ దశాబ్దంలోనే కలకత్తా సమీపంలోని డమ్‌డమ్ కర్మాగారంలో, శరీరంలో దిగగానే విచ్చుకునే మెత్తని మొన గుండ్లు తయారయ్యాయి. అటువంటి గుండ్లను యుద్ధంలో వాడరాదని 1899లో హేగ్ సమావేశం తీర్మానించింది. 1910లో మొనదేలిన గుండుతో ఏడో రకం వచ్చింది. రెండు ప్రపంచ యుద్ధాల్లో భారత సైనికులు ప్రధానంగా వాడినది దీనినే.

ఏది దేనికి సరిపోతుంది?

గుండు వ్యాసం ఒక్కటే కలిస్తే చాలదు. మందు నింపిన ఇత్తడి తొడుగు పొడవు, ఆకారం, అడుగున ఉండే అంచు, పేలినప్పుడు పుట్టే పీడనం కూడా తుపాకీకి తగినట్లుండాలి. త్రీనాట్‌త్రీ తొడుగు పొడవు 56 మిల్లీమీటర్లు. దాని అడుగున అంచు వెలుపలికి పొడుచుకొని ఉంటుంది.

జపాన్ ఉదంతమే ఇందుకు తార్కాణం. ఆ దేశ నౌకాదళం వాడిన 7.7 తూటా, త్రీనాట్‌త్రీ ఒకటే. అదే దేశపు పదాతిదళ అరిసాకా తుపాకీలోని 7.7 తూటా మాత్రం పూర్తిగా వేరు. ఎస్‌ఎల్‌ఆర్, ఏకే-47 రెండూ 7.62 మిల్లీమీటర్లవే అయినా, తొడుగు పొడవు మొదటిదానిలో 51, రెండోదానిలో 39 మిల్లీమీటర్లు. ఒకదాని తూటా మరొకదానికి పనికిరాదు.

రూపం ఒకటే.. లోపల తేడా

1962 చైనా యుద్ధం తరువాత ఇషాపూర్ కర్మాగారం పాత తుపాకీ నమూనాలోనే, మరింత దృఢమైన ఉక్కుతో 7.62 తూటాకు తగిన ‘2ఏ’ రైఫిల్‌ను రూపొందించింది. చూపులకు రెండూ కవలలే. తూటాలు మాత్రం మార్చి వాడరాదు. లైసెన్సుపై పౌరులకిచ్చే 0.315 రైఫిల్‌దీ ఇదే తీరు. సైనిక తూటా అందులో ఇమడకుండా బోరునే వేరుగా నిర్ణయించారు.

సరిపడని తూటాను పేల్చితే ఇత్తడి తొడుగు చిట్లి, వేడి వాయువు వెనుకకు ఎగజిమ్మి, కాల్చినవారి కన్నుకే చేటు తేవచ్చు.

దొరికితే తాకరాదు

ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవ కవాతుతో త్రీనాట్‌త్రీకి వీడ్కోలు పలికారు. తుపాకీ మూలపడినంత మాత్రాన పాత తూటా నిర్వీర్యమైనట్లు కాదు. పాత ఇంటి అటకపైనో, పొలం దుక్కిలోనో తూటా కనిపిస్తే సుత్తితో కొట్టడం, నిప్పులో వేయడం ప్రాణాంతకం. లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకోవడం 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం నేరం. ఉన్నచోటనే ఉంచి, పిల్లలను దూరంగా పంపి, సమీప ఠాణాకు కబురు చేయడమే శ్రేయస్కరం.