వెండి పెట్టె: తూకానికి ముందు మూత చూడండి

మన చిట్యాల, జనగామ దిక్కు సంబంధం ఖాయమైతే ముందు ఏం చేస్తాం? తాంబూలాలు మార్చుకుంటాం. ఆ ఆకులు, వక్కల ఖరీదెంతని ఎవరూ అడగరు. ఎవరిచ్చిన్రు, ఎవరు పుచ్చుకున్నరు, అదే లెక్క. జపాన్ వాళ్ల పాత వెండి పెట్టెలదీ అదే కథ.

జపాన్ చక్రవర్తి విందుకు పోయిన అతిథికి అరచేతిలో పట్టే వెండి డబ్బా ఒకటి ఇచ్చి పంపేవాళ్లు. మెయిజీ చక్రవర్తి కాలంలో, 1880ల చివర్లో మొదలైన ఆనవాయితీ ఇది. పేరు బొంబొనియేర్. ఫ్రెంచి మాట, మిఠాయి డబ్బా అని అర్థం. లోపల కొంపేయితో అనే గరుకు చక్కెర గుళికలు ఉండేవి. ఆ మాటేమో పోర్చుగీసు నుంచి వచ్చింది. అంటే డబ్బా ఆలోచన, మిఠాయి రెండూ బయటివే, పనితనం మాత్రం అచ్చంగా జపాన్‌ది! మూత మీద పదహారు రేకుల చామంతి కనిపిస్తే, అది చక్రవర్తి వంశం ముద్ర. విదేశీ రాయబారులకు ఇదే ముద్రతో సిగరెట్ పెట్టెలూ ఇచ్చేవాళ్లు. 1902లో బ్రిటన్‌తో జపాన్‌కు పొత్తు కుదిరి 1923 దాకా నడిచింది. ఒప్పందం ఎప్పుడో ముగిసింది, ఆ కాలం నాటి పెట్టెలు మాత్రం ఇంకా వేలంపాటలకు వస్తూనే ఉన్నయ్.

మన దగ్గర ఇలాంటివి చూడాలంటే హైదరాబాద్ పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంకు పోవాలి. ఏడో నిజాం సిల్వర్ జూబ్లీ 1937లో జరిగింది. అప్పుడు వచ్చిన వెండి పెట్టెలు, నగర భవనాల వెండి నమూనాలు అక్కడున్నయ్. ఒక తేడా ఉంది. జపాన్‌లో రాజు అతిథికి ఇచ్చిండు, ఇక్కడ జనం, సంస్థలు రాజుకు ఇచ్చిన్రు. నా దృష్టిలో మొదటిది స్నేహం, రెండోది ఎక్కువగా విధేయత.

ఆ సంప్రదాయం మన పక్కనే బతికుంది. 2023 ఢిల్లీ జీ20 సదస్సు అతిథుల కోసం అశోకచక్రం బ్యాడ్జీలు తయారైంది కరీంనగర్ వెండి తీగపనితోనే.

ఇప్పుడు అసలు మాట. పాత పెట్టె చేతికొస్తే చాలామంది నేరుగా తూకానికి పోతరు. తూకంలో చామంతికి విలువ లేదు, కరిగిస్తే ఉట్టి వెండే. ముందు అడుగున చూడండి. జపాన్ లిపిలో రెండక్షరాల 'జున్‌గిన్' ముద్ర ఉంటే మేలిమి వెండి అని అర్థం. తేదీ, పేరు చెక్కి ఉన్నయా చూడండి. పైన చెక్క పెట్టె, ఉత్తరం ఉంటే అస్సలు పారేయకండి, ఎవరు ఎవరికిచ్చిన్రో చెప్పేవి అవే. ఇంకోటి, నల్లబడిందని చింతపండు, బూడిద పెట్టి తోమకండి. సన్నని చెక్కుడు అరిగిపోతది.