మంత్రగత్తెయా, నిందితురాలా?

జాంబియా దేశపు పల్లెబాటమీద నీళ్లు మోసికొని పోవుచున్న ఒక స్త్రీ, దారి ప్రక్కన మౌనముగా నిలిచి తన్ను చూచుచున్న ఎనిమిది తొమ్మిదేండ్ల బాలికను చూచి ఉలికిపడి, కాలుజారి, నీళ్లన్నియు ఒలకబోసికొనెను. జరిగిన దంతమాత్రమే. అనంతరము ఊరివారు ఠాణాకు పోయి, ఎవరి బిడ్డయో ఎవరికిని తెలియని ఆ పిల్ల మంత్రగత్తె యని ఫిర్యాదు చేసిరి. సాక్షులలో నొకడు, ఆమె గొడ్డలితో తన చేయి నరికివేసిన దని చెప్పెను. చేతులు రెండును చక్కగనే యున్నవి గదా యనగా, ఆ నరకుట కలలో జరిగిన దని వివరించెను. నీవు మంత్రగత్తెవేనా యని అడిగినప్పుడు ఆ పసిది ఔననలేదు, కాదనలేదు. ఆ మౌనమే అంగీకారముగా లెక్కకు వచ్చినది.

2017లో కాన్ చలనచిత్రోత్సవమున ప్రదర్శితమైన 'ఐ యామ్ నాట్ ఎ విచ్' అను చిత్రమందలి ఆ బాలిక కథ ఈ విధముగా ఆరంభమగును. జాంబియా రాజధాని లుసాకాలో జన్మించి, వేల్స్ దేశమున పెరిగిన రుంగానో న్యోని దీని రచయిత్రి, దర్శకురాలు. మంత్రగత్తె లనిపించుకొన్న స్త్రీలను ఊరికి దూరముగా ఉంచు శిబిరములు ఘానా దేశమున నేటికిని కలవు. న్యోని యట్టి తావున కొంతకాలముండి, కనులార చూచి వచ్చిన పిమ్మట ఈ కథ నల్లినది. చిత్రమందలి శిబిరములో ప్రతి స్త్రీ నడుమునకును వెనుకనుండి ఒక పొడవైన తెల్లని పట్టీ కట్టబడియుండును. దాని రెండవ కొస పెద్ద కండెకు చుట్టబడియుండును. ఆ కండె తిరిగినంత దూరమే ఆమెకు లోకము. పట్టీ తెంచుకొన్నచో మేకవై పోదువని ఆ పసిదానికి చెప్పుదురు. షూలా యని వారే పేరు పెట్టిన ఆ బాలిక మేకయగుటయా, మంత్రగత్తె యగుటయా యని రాత్రియెల్ల ఆలోచించి, తెల్లవారునప్పటికి మంత్రగత్తెగనే యుండ నిశ్చయించుకొనును. ప్రభుత్వోద్యోగియైన బాండా యామెను ఊరూర త్రిప్పి, వరుసగా నిలువబెట్టిన మనుష్యులలో దొంగ యెవరో చూపు మనును, వానలు పడని నేలపై వాన కురిపింపు మనును, దూరదర్శనమున ప్రదర్శించును. శిబిరమునకు విదేశయాత్రికులు బస్సులలో వచ్చి ఛాయాచిత్రములు తీసికొని పోవుదురు. ఈ చిత్రమున మంత్రము లేదు, తంత్రము లేదు, ఒక్క దయ్యమును లేదు. అయినను గడచిన పదేండ్లలో మంత్రగత్తెలను గూర్చి వచ్చిన చిత్రములలో నన్నింటికంటె నన్ను భయపెట్టినది, నా హృదయమును కలచినది ఇదియే.

మంత్రగత్తె కథ తెరకు క్రొత్తది కాదు. 1922లోనే డెన్మార్కు దర్శకుడు బెంజమిన్ క్రిస్టెన్సెన్ 'హ్యాక్సన్' అను మూకీచిత్రమున, పదునైదవ శతాబ్ది చివర వెలువడిన 'మల్లెయుస్ మలెఫికారుమ్' అను మంత్రగత్తెల వేట గ్రంథమును ముందుంచుకొని, మతాధికారులు స్త్రీల నోట నేరము నెట్లు పలికించిరో చూపినాడు. ఐరోపాఖండమున సుమారు మూడు శతాబ్దుల కాలములో నలుబది యేబది వేలమంది ఈ నిందపై మరణశిక్షకు గురియైరని, వారిలో అత్యధికులు స్త్రీలేనని చరిత్రకారుల అంచనా. ఇంతటి మహావిషాదము వెనుకనుండగా, మధ్యకాలమున చలనచిత్రములు వంకరముక్కు ముసలిదానిని, చీపురుకట్టను, ఉడుకుచున్న కొప్పెరను మాత్రమే తీసికొని పిల్లల వేడుకగా మార్చివేసినవి. ఇటీవలి దర్శకులు కొందరు మరల ఆ పాత ప్రశ్న యొద్దకు తిరిగి వచ్చిరి. మంత్రగత్తె యేమి చేయగలదని కాక, ఒక మనిషిని మంత్రగత్తెగా నిర్ణయించునది ఎవరని వారు అడుగుచున్నారు.

2015లో సన్‌డాన్స్ ఉత్సవమున దర్శకత్వ బహుమానము పొందిన రాబర్ట్ ఎగర్స్ తొలిచిత్రము 'ది విచ్' ఈ మార్పునకు గట్టి పునాది వేసినది. పదునేడవ శతాబ్దిలో ఇంగ్లండునుండి అమెరికా తూర్పుతీరమునకు వలస వచ్చిన ఒక కుటుంబము, తండ్రి విలియము మతవిషయమున పెద్దలతో పట్టుదలకు పోయిన కారణముగా పేట వదలి, అడవియంచున గుడిసె వేసికొనును. చంటిబిడ్డ మాయమగును, మొక్కజొన్నకంకులకు తెగులు సోకును, ఆకలి మొదలగును. తల్లి తన పుట్టింటివారిచ్చిన వెండిగిన్నె కనబడలేదని పెద్దకూతురు థామసిన్‌పై అనుమానపడును. ఆ గిన్నెను రహస్యముగా అమ్మి వేటబోనులు కొన్నవాడు తండ్రి. అతడు నిజమెరిగియు, కూతురు మాటలు పడుచుండగా నోరు మెదపక కూర్చుండును. ఆ దృశ్యము చిన్నది. అయినను ఈ చిత్రమందలి అసలు శాపము అక్కడనే యున్నదని నా అభిప్రాయము. అడవిలోని మంత్రగత్తె ముసలిదానికంటె, దయ్యమైన నల్లమేకపోతుకంటె ముందు, ఒక గృహస్థు పిరికితనము ఆ పిల్లను నిందకు అప్పగించినది. ఇంటివారందరు నొకరిపై నొకరు వ్రేలు చూపుకొని నశించిన పిమ్మట, ఆమెకు అడవి తప్ప వేరుదారి మిగులదు. ఆ కాలపువారి నమ్మికను ఆ కాలపు కన్నులతోడనే చూపవలెనని సంకల్పించిన ఎగర్స్, దయ్యమును నిజముగనే తెరపైకి తెచ్చినాడు. శిల్పదృష్టితో అది న్యాయమే. కాని ఇట్టి కథలు జరిగిన ఆ సీమలోనే, 1692లో సేలమ్ పట్టణమున పందొమ్మిదిమందిని ఉరితీసిన నాడు, అచ్చట దయ్య మేదియు లేదు; పొరుగువారు మాత్రమే యుండిరి. చూచువారు ఈ భేదమును మరువరాదు.

ఆ పొరుగువారినే, వారిపై కూర్చున్న న్యాయాధికారినే నడిబజారున నిలబెట్టిన చిత్రము పాబ్లో అగ్వేరో తీసిన 'అకెలార్రె'. 2020లో వెలువడి, మరుసటి యేట స్పెయిను దేశపు గోయా బహుమానములు అయిదింటిని పొందినది. కథ జరుగునది 1609లో, బాస్కు సీమయందలి సముద్రతీర గ్రామమున. మగవారందరు చేపలవేటకు దూరసముద్రములకు పోయియున్నారు. అడవిలో ఆడి పాడిన ఆరేడుగురు కన్నెపిల్లలను రాజాజ్ఞతో వచ్చిన న్యాయాధికారి చెరబట్టించును. అతనికి కావలసినది నేరము రుజువగుట మాత్రమే కాదు. సైతానుతో మంత్రగత్తెలు జరుపు రాత్రిసభ యెట్లుండునో వినవలెనని అతని లోపల నొక దాహము కలదు. అనా యను పిల్ల ఈ దాహమును కనిపెట్టును. నావికులు తిరిగివచ్చు పౌర్ణమివరకు ప్రాణములు నిలుపుకొనవలెనన్న ఏకైక లక్ష్యముతో, అతడు వినగోరినదంతయు కల్పించి, రాత్రికొక ముచ్చటగా చెప్పసాగును. తాను వెదకి పట్టితినని న్యాయాధికారి సంబరపడిన సైతాను సభ, అతని ప్రశ్నలలోనుండియే పుట్టినదని ప్రేక్షకునకు క్రమక్రమముగా బోధపడును. చెరసాల చీకటిలో ఆ పిల్లలు భయమును మరచి నవ్వుకొను ఘట్టములు ఈ చిత్రమునకు ప్రాణము.

ఈ కల్పనకు ఆధారము చరిత్రలో కలదు. ఫ్రాన్సు రాజాజ్ఞపై పియెర్ ద లాంక్ర్ అను న్యాయాధికారి 1609లో బాస్కు సీమకు వచ్చి విచారణలు జరిపి, అనంతరము వానిపై గ్రంథము వ్రాసినాడు. కొండలకు ఆవలి వైపున, స్పెయిను దేశపు లోగ్రోన్యో పట్టణమున, 1610 నవంబరులో ఆరుగురిని సజీవముగా దహించి, చెరలో చనిపోయిన మరి యైదుగురి బొమ్మలను తగులబెట్టిరి. ఆ తీర్పునిచ్చిన ముగ్గురు మతన్యాయాధికారులలో అలొన్సో ద సాలజార్ ఫ్రీయస్ అనువానికి మనస్సులో సందేహము మిగిలినది. అతడు మరుసటి యేట ఆ కొండపల్లెలన్నియు తిరిగి, వేయికిపైగా పిల్లలతో సహా తాము మంత్రగత్తెల మని ఒప్పుకొన్నవారిని పేరు పేరున విచారించినాడు. సభ జరిగినదన్న చోటులను వేరువేరుగా చూపింపగా, ఒకరు చూపిన తావునకు, మరియొకరు చూపిన తావునకు పొంతన కుదరలేదు. ఆకాశగమనమునకు పూసికొనెదమని తెచ్చిన లేపనములను జంతువులపై పరీక్షింపగా, వానికేమియు కాలేదు. ఈ విషయమును గూర్చి మాటలాడుట, వ్రాయుట మొదలుపెట్టువరకు ఆ సీమలో మంత్రగత్తెలును లేరు, వారి బారినపడినవారును లేరు అని అతడు పై అధికారులకు నివేదించినాడు. ఆ నివేదికల ఫలితముగా 1614లో స్పెయిను మతన్యాయస్థానము సాక్ష్యమును గూర్చిన తన నిబంధనలను కఠినతరము చేసినది. అటుపిమ్మట ఆ న్యాయస్థానపు అధికారమున మంత్రగత్తెల దహనములు దాదాపు నిలిచిపోయినవి. విచారించువాడు నిజముగా విచారించినచో ఎన్ని ప్రాణములు నిలుచునో సాలజార్ జీవితము సాక్ష్యము. అతనిపై నొక చిత్రము రావలెనని నా కోరిక.

మరల తెరకు వచ్చినచో, గోరాన్ స్టోలెవ్‌స్కీ 2022లో తీసిన 'యు వోంట్ బి అలోన్' పందొమ్మిదవ శతాబ్ది మాసిడోనియా పల్లెలలో ఒక మంత్రగత్తె, చచ్చినవారి దేహములు ధరించుచు, స్త్రీగా, పురుషుడుగా, బిడ్డగా మానవజీవితమును నేర్చుకొను కథ. రక్తపాతమున కోర్చుకొనగలవారికి అది యొక కవిత్వము.

మన దేశమునకు వచ్చెదము. 2020లో అన్వితా దత్ దర్శకత్వమున వచ్చిన 'బుల్‌బుల్', 1881లో ఆరంభమై వంగదేశపు జమీందారీ భవనములో నడచును. అడవిలో పురుషులను చంపుచున్న చుడైలు అను ఆడదయ్యపు పాదములు వెనుకకు తిరిగియుండునని జనులు చెప్పుకొందురు. ఇది మనకును చిన్ననాటినుండి విన్న కథయే. దయ్యమును గుర్తింపవలెనన్న పాదములు చూడుమని మన అవ్వలును చెప్పిరి. ఈ దర్శకురాలు ఆ పాదములకు కారణము చూపినది. బాలవధువుగా ఇల్లు చేరి పెరిగిన ఆ స్త్రీ కాళ్లను భర్త యినుపకడ్డీతో విరుగగొట్టును. లోకము దయ్యపు గురుతుగా చెప్పుకొనునది గృహహింస మిగిల్చిన గాయము. ఎరుపురంగు వెన్నెలలో ఆ హింసను కొంత అందముగా చూపుటయే ఈ చిత్రమందలి లోపమని నాకు తోచినది. 2018 నాటి 'స్త్రీ' యను హిందీ చిత్రమున గోడలపై వ్రాయబడిన రక్షావాక్యమునకు తోబుట్టువైన 'ఓ స్త్రీ రేపు రా' అను వ్రాత, మన పల్లెలలో ఒకానొక కాలమున ఇంటింటి తలుపుపై కనబడినదే.

మలయాళమున రాహుల్ సదాశివన్ 2024లో నలుపు తెలుపులలో తీసిన 'భ్రమయుగం' మంత్రవిద్యను మరియొక వైపునుండి చూచినది. శిథిలమైన భవనమున కూర్చున్న పోట్టి యను యజమాని, దారితప్పి వచ్చిన పాణకులపు గాయకునికి అన్నము పెట్టి, పాచికలాటలో అతని ఆయుష్కాలమునే పందెముగా గెలిచికొనును. మమ్ముట్టి ఆ పోట్టి పాత్రను ధరించిన తీరు చిరకాలము నిలుచునది. ఇచ్చట మంత్రవిద్య దిక్కులేనివారిపై మోపబడిన నింద కాదు. అధికారము చేతనున్నవాని సాధనము. ఈ చిత్రము కులమును గూర్చి, యేలుబడిని గూర్చి, ఏలువాడు మారినను మారని సింహాసనమును గూర్చి ఎంత చెప్పినదో, పెద్ద ఉపన్యాసములు చెప్పజాలవు.

ఇక మన తెలుగుతెర. 1951లో 'పాతాళభైరవి' యందలి నేపాళ మాంత్రికుని ఎస్.వి. రంగారావు మనకు ప్రియమైన భయముగా మిగిల్చిపోయెను. అది జానపదలోకము, మన ఊరు కాదు. ఇటీవలి చిత్రములు మాంత్రికుని మన ఊరిలోనికి, మన ప్రక్కయింటిలోనికి తెచ్చినవి. 2021లో డాక్టర్ అనిల్ విశ్వనాథ్ తీసిన 'మా ఊరి పొలిమేర', 2023లో వచ్చిన దాని రెండవభాగము, అదే సంవత్సరమున కార్తీక్ వర్మ దండు తీసిన 'విరూపాక్ష' వీనిలో ముఖ్యములు. పొలిమేరలో కొమురయ్యగా సత్యం రాజేశ్ చూపిన నటన, హాస్యనటుడన్న ముద్రను ఒక్క దెబ్బతో చెరిపివేసినది. విరూపాక్షలో రుద్రవనమను ఊరు, దాని కట్టుబాట్లు, దిగ్బంధనము, చీకటి — ఇవి యన్నియు నేర్పుతో కూర్చబడినవి. ఈ దర్శకుల సామర్థ్యమునెడల నాకు గౌరవము కలదు. కనుకనే ఈ మాట చెప్పక తప్పదు.

విరూపాక్ష ఆరంభమున, క్షుద్రపూజలు చేయుచున్నారన్న అనుమానముతో ఊరివారు ఒక దంపతులను సజీవముగా తగులబెట్టుదురు. ఆ మంట చూచినప్పుడు, ఇదిగో మన కథ, మనమే చేసిన పాపపు కథ మొదలైనదని నేను నమ్మితిని. కాని మరణించుచు వారు పెట్టిన శాపము పన్నెండేండ్లకు ఫలించును. ఊరిలో చావులు మొదలగును. ఆ చావులకు కారణము మంత్రప్రయోగమే యని తేలును. ఊరు దేనికి భయపడి తగులబెట్టినదో ఆ భయము నిజమని మిగిలిన కథ యంతయు ఋజువు చేయును. పొలిమేరలోను చేతబడి నిజముగా పనిచేయు విద్యయే. తగులబెట్టుట తప్పని మొదట చెప్పి, తగులబెట్టినవారి నమ్మిక సరియైనదేనని తుదకు ఒప్పుకొన్న చిత్రము, ఎంత చక్కగా తీయబడినను, నిందపడినవారికి అన్యాయమే చేసినది.

ఏలయన, ఈ నింద మనకు గతించిన చరిత్ర కాదు. తెలంగాణమున బాణామతి యనియు, కోస్తా మన్యమున చిల్లంగి యనియు, అంతటను చేతబడి యనియు పిలువబడు ఈ అనుమానము, ఊరిలో జ్వరము వచ్చినను, పాడిపశువు చచ్చినను, మొదట ఒంటరి ముసలిదానిపైనను, పొలము తగాదా యున్న బంధువుపైనను వ్రాలును. మంత్రము స్పష్టముగా ఉచ్చరింపలేకుండవలెనని నిందితుల పళ్లు రాలగొట్టుట మన జిల్లాలలో జరిగిన పని. కొట్టి చంపుట, తగులబెట్టుట జరిగిన పనులు. జనవిజ్ఞానవేదిక కార్యకర్తలు ఊరూర తిరిగి గారడీల గుట్టు విప్పి చూపుచు ఈ భయముతో పోరాడుచు వచ్చిరి. నేరగణాంకములను ప్రకటించు జాతీయ సంస్థ నేటికిని హత్యల కారణములలో మంత్రవిద్యకు ప్రత్యేకముగా నొక గడి కేటాయించుచున్నది. బీహారు 1999లో, ఝార్ఖండు 2001లో, ఒడిశా 2013లో ఈ వేటను నిషేధించుచు శాసనములు చేసినవి. ఝార్ఖండులో డాయన్ (మంత్రగత్తె) అను ముద్రపడి ఊరినుండి తరుమబడిన ఛుట్నీ మహతో, తనవంటి స్త్రీలను కాపాడుటకే జీవితము నంకితము చేసి, 2021లో పద్మశ్రీ పొందినది. అస్సామున ఇదే పనికై జీవితమంతయు పోరాడిన బీరుబాల రాభాకును అదే సంవత్సరమున ఆ గౌరవము లభించినది. ఆమె 2024లో కన్నుమూసినది.

తెలుగు దర్శకులారా, మీకు పల్లె తెలియును, దాని మాట తెలియును, రాత్రివేళ ఒక ఊరు గుంపుగా మారుట యెట్లో చూపగల శక్తియు మీకు కలదు. ఒక్క చిత్రము నిందపడిన మనిషి ఇంటిలోపలనుండి తీయుడు. గడియ వేసికొన్న తలుపు వెనుక ఆమె వినుచున్న అడుగుల చప్పుడు, నిన్నటివరకు పప్పు ఉప్పు బదులిచ్చిన పొరుగింటివారి మొగములు, పంచాయతిలో ఆమె చెప్పబోయి చెప్పలేకపోయిన మాట — వీనిని చూపుడు. మంత్రమును మాత్రము నిజము చేయకుడు. పాఠకులారా, అట్టి చిత్రము ఏ చిన్న ప్రదర్శనశాలకో, ఏ చేతిఫోను తెరకో వచ్చిన నాడు, పెద్దతార లేడని విడువక, ఇంటిల్లిపాది కూర్చుండి చూడుడు.