వంతెనకి ముందు గుంటలు

మా ఇంటి నుంచి పట్నానికి వెళ్ళే దారిలో ఒక వాగుంది. దాని మీద ఎప్పటిదో ఒక ఇనప వంతెన. రెండు కార్లు ఎదురుపడితే ఒకటి ఆగి దారివ్వాల్సిందే. ఒహాయో పల్లెల్లో ఇలాంటివి కొల్లలు కాబట్టి దాని గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, బరువు పరిమితి బోర్డు పెట్టేదాకా. బోర్డు పెట్టాక స్కూలు బస్సు పక్క ఊరి మీదుగా చుట్టు తిరిగి రావడం మొదలైంది. ఫైరింజనూ అంతే. వాగు అవతల మొక్కజొన్న వేసే పెద్దాయన ఒకరున్నారు. "మా ఇల్లంటుకుంటే ఫోన్ చెయ్యను, నేనే ఆర్పుకుంటా, వాళ్ళొచ్చేసరికి టీ పెట్టి ఉంచుతా" అనేవాడు నవ్వుతూ. నవ్వు వెనక కోపం బాగానే ఉండేది.

కొత్త వంతెన వస్తుందన్నారు. వస్తే ముందు పెద్ద యంత్రాలొస్తాయి, సిమెంటు లారీలొస్తాయి అనుకుంటాం కదా. వచ్చింది నలుగురు మనుషులు, నాలుగు పారలు, ఒక జల్లెడ.

నేను కారు పక్కకి ఆపి చూస్తూ నిలబడ్డాను. ఊరికే ఉండలేని బుద్ధి. వాగు గట్టు వెంబడి పదిహేను మీటర్లకొకటి చొప్పున చిన్న జెండాలు పాతి, జెండా దగ్గర అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు గుంట తవ్వుతున్నారు. పైనున్న గడ్డిని చాపలా కోసి పక్కన పెట్టి, మట్టినంతా జల్లెడ పడుతున్నారు. జల్లెడ కన్ను పావు అంగుళం. గుంట గోడ నున్నగా చెక్కి, కొంచెం మట్టి వేలిమీదకి తీసుకుని, ఒక చిన్న పుస్తకంలోని రంగు బిళ్ళల పక్కన పెట్టి పోల్చి చూస్తోంది ఒకమ్మాయి. బట్టల కొట్లో చీరకి బ్లౌజు పీసు మ్యాచింగ్ చూసినట్టే ఉంది. ఆ పుస్తకం పేరు మన్సెల్ చార్ట్. మన్సెల్ అనే చిత్రకారుడు రంగులకి నంబర్లిచ్చిన పద్ధతిని మట్టికి వాడుకుంటున్నారు. "గోధుమరంగు" అంటే ఒక్కొక్కరికీ ఒక్కో రంగు, నంబరంటే అందరికీ ఒకటే.

వంతెన మార్చడానికి పురావస్తువాళ్ళెందుకని అడిగాను. 1966లో వచ్చిన జాతీయ చారిత్రక పరిరక్షణ చట్టంలో 106వ సెక్షన్ ఉందట. ఫెడరల్ డబ్బు గానీ ఫెడరల్ అనుమతి గానీ ఉన్న ఏ పనికైనా, మొదలుపెట్టే ముందు అక్కడ చరిత్ర ఏమైనా దెబ్బతింటుందేమో చూడాలి. ఈ చట్టం "ఆపు" అనదు. "చూడు, సంబంధం ఉన్నవాళ్ళని అడుగు, అప్పుడు నిర్ణయించుకో" అంటుంది. చూశాక కూడా కట్టుకోవచ్చు. చూడకుండా కట్టకూడదు, అంతే. వంతెన ఒక్కదాన్నే చూస్తే సరిపోదు. పని జరిగినన్నాళ్ళూ వేసే తాత్కాలిక దారి, యంత్రాలు నిలిపే చోటు, మట్టి పోసే చోటు, అన్నీ లెక్కలోకొస్తాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీనితో తర్వాత పనుంది.

వంతెన దగ్గరే ఎందుకంత అనుమానం? ఆలోచిస్తే తెలిసేదే. మనం వాగు దాటడానికి అనువైన చోటని ఎంచుకున్నదే మనకంటే ముందొచ్చిన వాళ్ళూ ఎంచుకుని ఉంటారు. నీళ్ళు దగ్గర, గట్టు ఎత్తు, చేపలు, రేవు. పైగా వరదలొచ్చినప్పుడల్లా వాగు ఒండ్రు తెచ్చి పాత నేల మీద కప్పేస్తుంది. కాబట్టి పారతో తవ్విన గుంటలో ఏమీ దొరక్కపోతే ఏమీ లేదనీ కావచ్చు, ఉన్నది ఇంకా లోతులో ఉందనీ కావచ్చు. అలాంటి చోట యంత్రంతో లోతుగా కందకం తీసి చూడాలి. దానికి డబ్బూ రోజులూ ఎక్కువ అవుతాయి. తియ్యాలా వద్దా అన్నది ఎవరో ఒకరు తేల్చాలి.

"ఇక్కడ ఏమైనా దొరికే అవకాశం ఉందా?" అన్నాను. "రాష్ట్రం దగ్గరున్న పాత రికార్డుల్లో ఈ చోటు గురించి ఏమీ లేదండీ" అందా అమ్మాయి. ఏమీ లేదంటే ఎవరూ ఎప్పుడూ చూడలేదని అర్థం అని కూడా తనే అంది.

ఇక్కడ ఇంకో చిక్కుంది. ఇలాంటప్పుడు ఆ నేలకి చెందిన తెగలని అడగాలి. ఒహాయోలో ఫెడరల్ గుర్తింపు ఉన్న తెగ ఒక్కటీ లేదు. 1830లో తెగలని పడమరకి పంపే చట్టం వచ్చింది. ఈ రాష్ట్రంలో చివరిదాకా మిగిలిన వైయండాట్‌లు 1843లో వెళ్ళిపోయారు. షానీలు, మయామీలు, వైయండాట్‌ల వారసులు ఇప్పుడు ఓక్లహోమాలో ఉన్నారు. అంటే మా వాగు గురించి అడుగుతూ ఉత్తరం రెండు మూడు రాష్ట్రాల అవతలికి వెళుతుంది. ఆ నేలని తరాలుగా చూడనివ్వకుండా పంపేసిన వాళ్ళని, "మీకేమైనా తెలుసా?" అని అడుగుతాం. విచిత్రమే. అడక్కపోవడం కంటే నయం.

పెద్దాయన కంచె దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్నాడు. "ఈ గుంటల కోసం నా వంతెన ఆగాలా?" అన్నాడు నాతో. ఆయన్ని తప్పుపట్టలేం. మా రాష్ట్రంలో వంతెనల భయానికి ఒక తేదీ ఉంది. 1967 డిసెంబర్ 15 సాయంత్రం, ఒహాయో నది మీద వెస్ట్ వర్జీనియాలోని పాయింట్ ప్లెజెంట్‌ని ఇటుపక్కతో కలిపే సిల్వర్ బ్రిడ్జ్, రద్దీ వేళలో కూలిపోయింది. 46 మంది పోయారు. ఒక్క ఉక్కు కడ్డీలో కంటికి కనపడని పగులు. దేశమంతా వంతెనలని క్రమం తప్పకుండా తనిఖీ చెయ్యాలన్న నియమం ఆ తర్వాతే వచ్చింది. చరిత్రని కాపాడే చట్టం వచ్చిన మరుసటి ఏడే ఇది జరిగిందని నాకు లెక్కేసుకుంటే గానీ తట్టలేదు. ఆ రెండూ ఈ చిన్న వాగు దగ్గర ఎదురుపడ్డాయి.

కాసేపయ్యాక పెద్దాయన గొంతు తగ్గించి, "ఒకటి చూపిస్తా రా" అని గరాజ్‌లోకి తీసుకెళ్ళాడు. అటక మీంచి తుప్పు పట్టిన కాఫీ డబ్బా దించాడు. నిండా రాతి మొనలు. కొన్ని బూడిదరంగు, కొన్ని తేనెరంగు. వాళ్ళ నాన్న పొలం దున్నినప్పుడల్లా ఏరినవి. "ఎక్కడ?" అంటే వేలు పెట్టి చూపించాడు. జెండాలు పాతిన గట్టుకి ఇంకాస్త ఎగువన, తాత్కాలిక దారి వెయ్యబోతున్న చోట.

"వాళ్ళకి చెప్పారా?"

"చెప్తే పొలం లాగేసుకుంటారు. వంతెన రాదు."

ఆ రెండు భయాలకీ ఆధారం లేదు. ఈ దేశంలో సొంత పొలంలో దొరికిన ఇలాంటి వస్తువులు ఆ పొలం యజమానివే. కానీ నేనెవర్ని చెప్పడానికి? నాకు మాత్రం ఆ క్షణాన వేరే వంతెన ఒకటి గుర్తొచ్చింది.

సియాటిల్ నుంచి ఒలింపిక్ నేషనల్ పార్కుకి వెళ్ళిన మనవాళ్ళలో చాలామంది హుడ్ కెనాల్ వంతెన దాటే ఉంటారు. ఉప్పునీటి మీద తేలే వంతెనల్లో ప్రపంచంలోకెల్లా పొడవైనది అది. 1961లో తెరిచారు. 1979 ఫిబ్రవరిలో గాలివానకి పడమటి సగం మునిగిపోయింది. దాన్ని తిరిగి కట్టారు. తూర్పు సగం పాతబడింది కాబట్టి దాన్నీ మార్చాలనుకున్నారు. తేలే వంతెనకి పెద్ద పెద్ద కాంక్రీటు తెప్పలు కావాలి. వాటిని పోత పొయ్యడానికి సముద్రం ఒడ్డున ఒక లోతైన పొడి రేవు తవ్వాలి. దానికి ఎంచుకున్నది వంతెనకి రోడ్డు మీద యాభై మైళ్ళ పైచిలుకు దూరంలో ఉన్న పోర్ట్ ఏంజెలిస్ రేవు ఒడ్డు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. దెబ్బ తగిలింది వంతెన దగ్గర కాదు, వంతెన కోసం తవ్విన చోట.

ఆ స్థలం దశాబ్దాల పాటు కలప మిల్లుల కింద ఉంది. పైనంతా ఎత్తు చెయ్యడానికి పోసిన మట్టి. పురావస్తు పరీక్ష చేయించారు. గుంటల్లో ఏమీ కనపడలేదు. 2003 ఆగస్టులో పని మొదలుపెట్టారు. రోజులు గడవకముందే గవ్వల పొరలు బయటపడ్డాయి, తర్వాత మనుషుల ఎముకలు. అది చ్వీట్‌సన్ అనే క్లాలం తెగ ఊరు, దాని శ్మశానం. కాలం లెక్కగడితే 2,700 ఏళ్ళ నాటిదని తేలింది. లోయర్ ఎల్వా క్లాలం వాళ్ళకి ఆ ఊరి పేరు తెలుసు. నేల మీద మిల్లులు లేచినా పెద్దల నోళ్ళలో అది బతికే ఉంది.

2004లో ఒప్పందం కుదిరి తవ్వకాలు మళ్ళీ మొదలయ్యాయి, ఈసారి పురావస్తు శాస్త్రజ్ఞుల పక్కన తెగ మనుషులూ కలిసి. తమ పూర్వీకుల ఎముకలని తమ చేతులతో తీసి దేవదారు పెట్టెల్లో పెట్టారు. పూర్తి అస్థిపంజరాలే 335. ఎంత తవ్వినా అంతు దొరకలేదు. 2004 డిసెంబర్‌లో తెగ అధ్యక్షురాలు ఫ్రాన్సెస్ చార్ల్స్ ఇక చాలించమని రాష్ట్రాన్ని కోరింది. అప్పటికి ఖర్చయింది 6 కోట్ల డాలర్ల దాకా. రాష్ట్రం ఒప్పుకుని అక్కడి పని వదిలేసింది. తెప్పలని టకోమాలో పోత పోశారు. తూర్పు సగం 2009 జూన్‌లో తెరుచుకుంది. తీసిన పూర్వీకులని దానికి ముందే, 2008లో, అదే నేలలో మళ్ళీ పూడ్చారు.

ఆ గుంటలు తవ్విన వాళ్ళు చేతకానివాళ్ళని నేననుకోను. మిల్లు మట్టి కింద కనపడేది అంతే. కానీ "గుంటలో ఏమీ లేదు" అన్న మాటకీ "ఇక్కడ ఏమీ లేదు" అన్న మాటకీ మధ్య తేడాని ఆ రాష్ట్రం అంత డబ్బు పోసి నేర్చుకుంది. 2005 నవంబర్‌లో గవర్నర్ క్రిస్టీన్ గ్రెగ్వార్ ఒక ఉత్తర్వు ఇచ్చింది: 106వ సెక్షన్ వర్తించని రాష్ట్ర నిర్మాణ పనులకి కూడా తెగలని సంప్రదించాలని.

మన దగ్గర ఇలాంటి చట్టం ఉన్నా లేకపోయినా, తెలిసినవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. పల్లెల్లో పాటిదిబ్బ అనే మాట వినే ఉంటారు. పాత ఊరు పాడుపడి మిగిలిన దిబ్బ. దాని మట్టి పంటకి బలమని బండ్లకెత్తి పొలాలకి తోలేవాళ్ళు, మధ్యలో కుండపెంకులూ పూసలూ దొరికితే పిల్లలకిచ్చేవాళ్ళు. పెద్ద రాతిపలకల సమాధులని రాకాసి గుళ్ళన్నారు. ఏ సర్వే మ్యాపులోనూ లేకపోయినా ఊరివాళ్ళ పేర్లలో ఉంది. నాగార్జునకొండ బయటపడిందీ అలాగే. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు అక్కడ ఒక పాత స్తంభం చూసి ప్రభుత్వానికి చెప్పాడు. ఆ ఒక్క కబురు వెనకే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అంతా వచ్చింది. సాగర్ డ్యామ్ కట్టాలనుకున్నాక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వి, దొరికినన్ని కొండ మీదకి చేర్చారు. మిగిలింది నీళ్ళ కింద ఉంది. ఆ నీళ్ళు తాగి పెరిగిన జిల్లాల వాళ్ళం కాబట్టి డ్యామ్ వద్దనే నోరు నాకు లేదు. పంతులుగారు ఆ స్తంభం చూసి ఊరుకుని ఉంటే, నీళ్ళ కింద ఏం పోయిందో కూడా మనకి తెలిసేది కాదు.

ఇదంతా పెద్దాయనకి చెప్పలేదు. పోర్ట్ ఏంజెలిస్ సంగతి మాత్రం, అదీ డబ్బు లెక్కలో చెప్పాను. ఆయనకి ఆ భాష బాగా అర్థమైంది. "యంత్రాలు దిగాక బయటపడితే ఎన్నేళ్ళు ఆగుతుంది?" అని అడిగాడు. జవాబు కోసం చూడకుండా డబ్బా చంకలో పెట్టుకుని గట్టు దిగాడు.

ఆ అమ్మాయి మొనల్ని ఒక్కొక్కటీ అరచేతిలో తిప్పి చూసింది. వీటిలో చాలావరకు బాణాలవి కావట, ఈటెలవీ కత్తులవీనట. ఈ ప్రాంతానికి విల్లు వచ్చింది చాలా ఆలస్యంగానట. పెద్దాయన కొంచెం చిన్నబుచ్చుకున్నాడు, డెబ్భై ఏళ్ళుగా వాటిని బాణాలనే చెప్పుకుంటున్నాడు మరి. మొనలకి ఫొటోలు తీసుకుని, డబ్బా ఆయనకే తిరిగిచ్చేశారు. మధ్యాహ్నానికి ఎగువ గట్టున కొత్త జెండాలు లేచాయి, ఈసారి దగ్గర దగ్గరగా. నేనున్నంతసేపట్లో జల్లెడలో పడ్డవి మూడు రాతి పెచ్చులు, నిప్పుకి పగిలిన ఒక రాయి, ఒక బీరు సీసా మూత.

తాత్కాలిక దారిని దిగువకి జరపబోతున్నారని తర్వాత తెలిసింది. పని మొదలుపెట్టే తేదీ మారలేదు. పోయిన వారం అటు వెళుతూ కారు ఆపి చూశాను. గడ్డి చాపల్ని ఎంత ఒడుపుగా తిరిగి పరిచారో, గుంటలు ఎక్కడ తీశారో గుర్తుపట్టలేకపోయాను. బస్సు ఇంకా చుట్టు తిరిగే వస్తోంది.